కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ప్యాచ్ మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తోంది. దీన్ని ఎవరికి పంపాలి, అంతవరకు ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: తొలి_ప్యాచ్

అందరికీ నమస్కారం. నేను వాడేది డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ ప్యాకేజీల ఆధారంగా స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఒక చిన్న డిస్ట్రిబ్యూషన్ (ప్రోగ్రామ్‌లన్నీ ప్యాకేజీలుగా కట్టి అందించే లినక్స్ రూపం). అందులో నేను రోజూ వాడే టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక లోపం ఉంది. డిస్క్ నిండిపోయి ఉన్నప్పుడు ఎడిటర్‌ను మూసివేస్తే దాని సెట్టింగుల ఫైలు సున్నా బైట్లకు పడిపోతుంది. మళ్లీ తెరిచేసరికి ఏళ్ల తరబడి అమర్చుకున్న షార్ట్‌కట్లు ఒక్కటీ ఉండవు. కారణం కోసం సోర్స్ కోడ్ చూస్తే తొందరగానే దొరికింది. ప్రోగ్రామ్ పాత ఫైలునే రాయడానికి తెరుస్తోంది, తెరిచిన క్షణంలోనే అందులోని సమాచారం చెరిగిపోతోంది, ఆపైన కొత్త సమాచారం రాయబోతే డిస్క్‌లో చోటు ఉండడం లేదు. అందుకని ముందు పక్కనే ఒక తాత్కాలిక ఫైలులో రాసి, అది డిస్క్‌కు చేరిందని ఎఫ్‌సింక్ అనే సిస్టమ్ పిలుపుతో నిర్ధారించుకుని, ఆ తర్వాతే అసలు పేరుకు రీనేమ్ చేసే విధంగా 18 వరుసల ప్యాచ్ (కోడ్‌లో చేయాల్సిన మార్పులు ఉండే ఫైలు) రాశాను.

దాన్ని మా డిస్ట్రిబ్యూషన్ బగ్ ట్రాకర్‌లో జతచేసి నాలుగు నెలలు దాటింది. ఇంతవరకు ఎవరూ పలకలేదు. ఈలోగా ఎడిటర్‌కు రెండు కొత్త వెర్షన్లు వచ్చాయి. మొదటిసారి ప్యాచ్ అప్లై కాక చేత్తో సరిచేసుకున్నాను. రెండోసారి మాత్రం ఆఫ్‌సెట్ 96 వరుసలు అని ఒక సందేశం వచ్చింది గానీ లోపమేమీ చూపకుండా అప్లై అయింది, బిల్డ్ (కోడ్ నుంచి ప్యాకేజీ తయారీ) కూడా సాఫీగా ముగిసింది. అయినా ఇలా ప్రతి వెర్షన్‌కూ కాపలా కాయడం నావల్ల అయ్యే పని కాదు. ఈ ప్యాచ్‌ను అసలు ఎవరికి పంపి ఉండాల్సింది? అది చేరేవరకు నా యంత్రంలో దాన్ని క్రమపద్ధతిలో ఉంచుకోవడం ఎలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ప్యాకేజీ_కాపరి

నమస్కారం అండి. మీ పరిష్కారం సరైన దారిలోనే ఉంది. అయితే ఎవరికి పంపాలన్న ప్రశ్నకు జవాబు ఆ లోపం ఎక్కడ పుట్టిందన్న దానిలోనే ఉంది. మీరు వాడే ఎడిటర్ మీ దగ్గరకు వచ్చేలోగా మూడు చేతులు మారుతుంది. రాసేది అప్‌స్ట్రీమ్ ప్రాజెక్టు, ప్యాకేజీగా కట్టేది డెబియన్, దాన్ని తీసుకుని మీకు అందించేది మీ డిస్ట్రిబ్యూషన్. కాబట్టి ముందుగా అప్‌స్ట్రీమ్ రిపాజిటరీ నుంచి తాజా కోడ్ తెచ్చి, ఏ ప్యాచ్‌లూ లేకుండా కంపైల్ చేసి, అందులో ఆ లోపాన్ని తిరిగి రప్పించండి. దీనికి డిస్క్ మొత్తం నింపనక్కర్లేదు. ఒక మెగాబైటు పరిమాణంతో టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే తాత్కాలిక ఫైల్ వ్యవస్థ) మౌంట్ చేసి, సెట్టింగుల ఫోల్డరును అందులో పెట్టి, మిగిలిన చోటును ఏదో ఒక ఫైలుతో నింపి, ఎడిటర్‌ను తెరిచి మూస్తే చాలు. అక్కడ కూడా ఫైలు ఖాళీ అయితే ఆ లోపం అప్‌స్ట్రీమ్‌ది. అప్పుడు మీ ప్యాచ్ మొదట చేరాల్సిన చోటు అదే. అక్కడ రాకుండా డెబియన్ ప్యాకేజీలో మాత్రమే వస్తే డెబియన్‌కూ, మీ దగ్గర మాత్రమే వస్తే మీ డిస్ట్రిబ్యూషన్‌కూ చెప్పాలి. మీరు చెప్పిన వివరాన్ని బట్టి ఇది అప్‌స్ట్రీమ్ లోపమేనని నా నమ్మకం.

మీ డిస్ట్రిబ్యూషన్ వారు నాలుగు నెలలు మౌనంగా ఉండడాన్ని నేను సమర్థించను. ఒక మాట రాసి ఉండాల్సింది. కానీ ఆ మెయింటైనర్ (ప్యాకేజీ బాధ్యత చూసేవారు) వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ప్యాచ్‌ను తీసుకోవడమంటే, ఎడిటర్‌కు వచ్చే ప్రతి కొత్త వెర్షన్‌తోనూ ఇప్పుడు మీరు పడుతున్న అవస్థను తాను నెత్తికెత్తుకోవడమే. తాను రాయని 18 వరుసలకు, తనకు లోతుగా తెలియని ప్రోగ్రామ్‌లో, ఎన్నేళ్లయినా తానే పూచీ పడాలి. అదే ప్యాచ్ అప్‌స్ట్రీమ్ ఆమోదం పొందిందని చూపిస్తే ఆ భారం ఒక్క వెర్షన్‌తో తీరిపోతుంది. అందుకే మెయింటైనర్లు ప్యాచ్ కంటే ముందు దాని పైభాగంలో రాసిన వివరం చదువుతారు.

డెబియన్ పద్ధతిలో కట్టే ప్యాకేజీల్లో ఈ ప్యాచ్‌లన్నీ డెబియన్ అనే డైరెక్టరీలో ప్యాచెస్ అనే ఫోల్డరులో విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అప్లై కావాలో సిరీస్ అనే ఫైలు చెబుతుంది. ప్రతి ప్యాచ్ పైనా డెప్-3 అనే మార్గదర్శకం ప్రకారం ఒక శీర్షిక రాయాలి. మీ ప్యాచ్‌కు అది సుమారుగా ఇలా ఉంటుంది. అసలు ఫైలులో ఫీల్డుల పేర్లు, వివరణ ఇంగ్లీషులోనే రాయండి, ఇక్కడ అర్థం కావడానికి ఇలా రాస్తున్నాను.

డిస్క్రిప్షన్: డిస్క్ నిండినప్పుడు సెట్టింగుల ఫైలు చెరిగిపోకుండా ముందు తాత్కాలిక ఫైలులో రాయడం
ఆథర్: మీ పేరు, ఈమెయిల్
బగ్: అప్‌స్ట్రీమ్ బగ్ చిరునామా
ఫార్వర్డెడ్: అప్‌స్ట్రీమ్‌కు ప్యాచ్ పంపిన చిరునామా
లాస్ట్-అప్‌డేట్: చివరిసారి సరిచూసిన తేదీ

వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఫార్వర్డెడ్. అక్కడ చిరునామా ఉంటే ఆ సంభాషణ ఎక్కడ జరుగుతోందో మూడేళ్ల తర్వాత వచ్చే మెయింటైనర్‌కు కూడా తెలుస్తుంది. ఈ డిస్ట్రిబ్యూషన్‌కు మాత్రమే పనికొచ్చే మార్పు అయితే నాట్-నీడెడ్ అని రాస్తారు. నో అని ఉంటే ఇంకా ఎవరూ పంపలేదని అర్థం. వివరణ లేని ప్యాచ్‌ను తీసేయాలన్నా భయమే, ఉంచాలన్నా భయమే. నాకు ముందున్నవారు వదిలివెళ్లిన అటువంటి ఒక ప్యాచ్‌లో మూడే మూడు వరుసలు ఉన్నాయి. దాన్ని తీసేయవచ్చునని తేల్చుకోవడానికి పాత బగ్ నివేదికలన్నీ తిరగేస్తూ రెండు ఆదివారాలు గడిపాను.

అప్‌స్ట్రీమ్ చూడని ప్యాచ్ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి సంబంధించిన 2006 నాటి ఉదంతాన్ని గుర్తు చేయక తప్పదు. ప్రారంభ విలువ ఇవ్వని మెమరీని చదువుతున్నారని వాల్‌గ్రైండ్ అనే సాధనం హెచ్చరిస్తుంటే, ఆ హెచ్చరికకు కారణమైన రెండు వరుసలను డెబియన్ ప్యాకేజీలో కామెంట్‌గా మార్చి పనిచేయకుండా చేశారు. వాటిలో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి ముడిసరుకును కలిపే వరుస. అది పోవడంతో ఊహించలేనిదంటూ మిగిలింది ఇంచుమించు ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు వ్యవస్థ ఇచ్చే సంఖ్య) ఒక్కటే, అది మామూలుగా 32,768 విలువలకు మించదు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2008-0166గా నమోదైన ఈ లోపాన్ని 2008 మే 13న ప్రకటించేవరకు, డెబియన్‌లోనూ దాని మీద ఆధారపడిన డిస్ట్రిబ్యూషన్లలోనూ తయారైన ఎన్నో ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు (కీలు) ఊహించదగినవిగానే ఉన్నాయి. మెయింటైనర్ నిర్లక్ష్యంగా ఉన్నారనడం అన్యాయం, ఆయన అప్‌స్ట్రీమ్ మెయిలింగ్ లిస్టులో ముందుగా అడిగారు కూడా. కానీ మార్పు మాత్రం అప్‌స్ట్రీమ్ కోడ్‌లో చేరకుండా డెబియన్ ప్యాచ్‌గానే ఉండిపోయింది. ఆ కోడ్‌ను రోజూ చదివేవారి కళ్ల ముందు అది నిలబడి ఉంటే ఎవరో ఒకరు ఆపి ఉండేవారని నేను ఇప్పటికీ అనుకుంటాను.

చివరిగా ఒక హెచ్చరిక. ఆఫ్‌సెట్ 96 వరుసలు అన్న సందేశాన్ని తేలికగా తీసుకోకండి. చుట్టూ ఉన్న వరుసలు కొద్దిగా తేడాగా ఉన్నా సర్దుకుని అప్లై చేయడాన్ని ఫజ్ అంటారు, దాన్ని డెబియన్ సోర్స్ ప్యాకేజీలు కట్టే డీపీకేజీ-సోర్స్ అనే సాధనం ఒప్పుకోదు. కానీ చుట్టూ ఉన్న వరుసలు అచ్చంగా అవే అయి, స్థానం మాత్రం మారితే అది ఆఫ్‌సెట్. దాన్ని అభ్యంతరం లేకుండా ఒప్పుకుంటుంది. 96 వరుసలు జరిగిందంటే ప్యాచ్ ఎక్కడ కూర్చుందో ఫైలు తెరిచి మీ కళ్లతో చూడాలి.

జవాబు: స్పెక్_ఫైలు

నేను ఫెడోరా అనే మరో డిస్ట్రిబ్యూషన్ వైపు ప్యాకేజీలు చూస్తాను. అక్కడ ప్యాచ్‌లు, ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైలులో వరుస సంఖ్యలతో నమోదవుతాయి, ప్రతి ప్యాచ్‌కూ అప్‌స్ట్రీమ్‌లో దాని స్థితి ఏమిటో తెలిపే వ్యాఖ్య ఉండాలని మార్గదర్శకాలు కోరతాయి. పేర్లు వేరైనా పై జవాబులో చెప్పిన నియమమే అది, అప్‌స్ట్రీమ్‌కు వీలైనంత దగ్గరగా ఉండడమే మాకు కూడా విధానం.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాచ్‌లో తప్పు ప్యాచ్‌లోనే ఉంది. ఏ తప్పూ లేని ప్యాచ్ కూడా భారమవుతుందనడానికి ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనానికి సంబంధించిన 2024 నాటి ఉదంతం చూడండి. ఆ ఏడాది మార్చి 29న ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉన్నట్లు బయటపడింది. దాని గురి, దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. అయితే ఆ సర్వర్‌ను రాసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రాజెక్టు అప్‌స్ట్రీమ్ కోడ్‌కు ఎక్స్‌జెడ్ లైబ్రరీతో ఏ సంబంధమూ లేదు. సర్వర్ సిద్ధమైందని, వ్యవస్థలోని సేవలను నడిపే సిస్టమ్‌డీకి తెలియజేయడం కోసం డెబియన్, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లు తమ ప్యాకేజీలో ఒక ప్యాచ్ పెట్టుకున్నాయి. ఆ ప్యాచ్ సిస్టమ్‌డీ లైబ్రరీని పిలిచింది, ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ కూడా సర్వర్ ప్రాసెస్‌లోకి వచ్చి చేరింది. నిజానికి ఆ సమాచారం పంపడానికి అంత పెద్ద లైబ్రరీ అక్కర్లేదు. ఎన్విరాన్‌మెంట్‌లో ఇచ్చిన సాకెట్‌కు ఒక చిన్న వాక్యం రాస్తే సరిపోతుంది. అదే ఏడాది జూలైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో అప్‌స్ట్రీమ్ వారే బయటి లైబ్రరీ ఏదీ అక్కర్లేకుండా ఆ సదుపాయాన్ని చేర్చారు. ఏళ్ల తరబడి ఎన్నో చోట్ల విడివిడిగా మోసిన ప్యాచ్‌కు, అప్‌స్ట్రీమ్ చేతిలో పడ్డాక ఇంత పొదుపైన రూపం వచ్చింది.

మీకు నా సలహా ఒక్కటే. అప్‌స్ట్రీమ్‌కు పంపేటప్పుడు డిస్ట్రిబ్యూషన్ కోసం తయారుచేసిన ఫైలును యథాతథంగా జతచేయకండి. వారి రిపాజిటరీలో, వారి ప్రధాన శాఖ మీద కమిట్ చేసి (మార్పును వివరంతో నమోదు చేసి), వారి కోడింగ్ పద్ధతిలో పంపండి. లోపం ఎలా రప్పించాలో కమిట్ సందేశంలోనే రాయండి.

జవాబు: సొంత_బిల్డు

పై ఇద్దరు చెప్పిన దానితో నాకు చాలావరకు ఏకీభావమే, కానీ ప్రతి ప్యాచ్‌నూ అప్‌స్ట్రీమ్‌కు పంపాల్సిందేనన్న అభిప్రాయం కొత్తవారికి కలగకూడదు. ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉండాలన్న డిస్ట్రిబ్యూషన్ నియమం కోసం చేసే మార్పులు, ప్యాకేజీతో వచ్చిన లైబ్రరీ నకలుకు బదులు వ్యవస్థలోని లైబ్రరీని వాడించే మార్పులు, ప్రోగ్రామ్ తనంతట తాను అప్‌డేట్ల కోసం వెతకడాన్ని ఆపే మార్పులు చాలాసార్లు డిస్ట్రిబ్యూషన్‌కే చెందినవి. వాటిని పంపితే అప్‌స్ట్రీమ్ సమయం కూడా వృథా అవుతుంది. అలాగే డిస్ట్రిబ్యూషన్ స్థిర విడుదలలో (ప్యాకేజీల వెర్షన్లు మారకుండా ఉంచే విడుదల) కొత్త వెర్షన్‌ను మొత్తంగా తెచ్చే వీలు ఉండదు. అప్‌స్ట్రీమ్‌లో ఇప్పటికే చేరిన దిద్దుబాటు నుంచి అవసరమైన ముక్కను మాత్రమే పాత వెర్షన్‌కు తగ్గట్టు మలచి ప్యాచ్‌గా పెట్టడం తప్పదు. ఆ పనికి ఓర్పూ కావాలి, నైపుణ్యమూ కావాలి, దానికి రావాల్సిన గుర్తింపు రావడం లేదని నా బాధ.

ఇక మీ రెండో ప్రశ్న. ఏపీటీ సోర్స్ అనే ఆదేశంతో ప్యాకేజీ సోర్స్ తెచ్చుకుని, మార్పు చేసి, డీపీకేజీ-సోర్స్‌కు కమిట్ అనే ఆప్షన్ ఇస్తే అదే ప్యాచ్ ఫైలును తయారుచేసి సిరీస్‌లో చేరుస్తుంది. ఆ తర్వాత ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) రాసే డీసీహెచ్ అనే సాధనానికి లోకల్ ఆప్షన్ ఇచ్చి వెర్షన్ చివర మీ గుర్తు చేర్చండి. 1.4-2 ఉన్న చోట 1.4-2సొంత1 వంటిది వస్తుంది. ఆ గుర్తును మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. దీనివల్ల ఏది మీ బిల్డో చూడగానే తెలుస్తుంది, రిపాజిటరీలో 1.4-3 వచ్చినప్పుడు అది మీదానికంటే పెద్ద వెర్షన్‌గా లెక్కకు వస్తుంది. చాలామంది ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టి (అప్‌డేట్ కాకుండా ఆపి) మరచిపోతారు, ఆపైన భద్రతా దిద్దుబాట్లు కూడా వారికి చేరవు. నేనైతే హోల్డ్ చేయను. కొత్త వెర్షన్ నా బిల్డ్‌ను తొలగించిన రోజునే ప్యాచ్ మళ్లీ సరిచూస్తాను. ఎవరైనా జెంటూ అనే డిస్ట్రిబ్యూషన్ వాడుతుంటే వారికి ఈ తిప్పలు లేవు, ఈటీసీలోని పోర్టేజ్ ప్యాచెస్ డైరెక్టరీలో ప్యాకేజీ వర్గం, పేరులతో ఫోల్డరు పెట్టి ప్యాచ్ ఉంచితే ప్రతి బిల్డ్‌లోనూ అదే అప్లై అవుతుంది.

తిరుగు జవాబు: తొలి_ప్యాచ్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

ప్యాకేజీ_కాపరి గారూ, మీ హెచ్చరిక చదివిన రాత్రే ఫైలు తెరిచి చూశాను. కొత్త వెర్షన్‌లో అప్‌స్ట్రీమ్ వారు సెట్టింగులు భద్రపరిచే ఫంక్షన్‌ను వేరే ఫైలులోకి మార్చారు. కానీ పాత ఫైలులో, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాను భద్రపరిచే మరో ఫంక్షన్ మిగిలి ఉంది. ఫైలు తెరిచే వరుస, దానికి పైన మూడు వరుసలు, కింద మూడు వరుసలు రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒక్కటే. నా ప్యాచ్ వెళ్లి ఆ రెండో ఫంక్షన్‌లో కూర్చుంది. మీరు చెప్పిన టీఎంపీఎఫ్‌ఎస్ పరీక్ష చేస్తే జాబితా భద్రంగా ఉంది, సెట్టింగుల ఫైలు మాత్రం మళ్లీ సున్నా బైట్లే. అంటే గత నెల రోజులుగా నా యంత్రంలో దిద్దుబాటు లేనే లేదు. ఉందనుకుని నిశ్చింతగా ఉన్నాను. ఆ పరీక్షను ఒక చిన్న స్క్రిప్టుగా రాసి, ఇకపై ప్రతి బిల్డ్ తర్వాత నడిచేలా పెట్టుకున్నాను.

అప్‌స్ట్రీమ్‌లో ప్యాచ్ పెట్టిన రెండో రోజునే ఒక డెవలపర్ చదివి రెండు ప్రశ్నలు వేశారు. సెట్టింగుల ఫైలు సింబాలిక్ లింక్ (మరో చోటున్న ఫైలుకు దారి చూపే ఫైలు) అయితే ఏమవుతుంది? పాత ఫైలుకున్న అనుమతులు కొత్త ఫైలుకు వస్తాయా? ఈ రెండూ నాకు తట్టనే లేదు. సెట్టింగులను గిట్ (మార్పుల చరిత్ర దాచే సాధనం) రిపాజిటరీలో ఉంచుకుని వాటికి లింక్ పెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. రీనేమ్ చేసినప్పుడు లింక్ గమ్యం మారదు, ఆ లింకే పోయి దాని స్థానంలో మామూలు ఫైలు వచ్చి కూర్చుంటుంది. వారి మార్పులు ఆ రోజు నుంచి రిపాజిటరీకి చేరవు, వారికి ఆ సంగతి తెలియదు. నా ప్యాచ్‌ను నేను పంపిన వెంటనే మా డిస్ట్రిబ్యూషన్ వారు తీసుకుని ఉంటే, ఒక లోపాన్ని సరిచేయబోయి మరొకదాన్ని అందరికీ పంచినవాడిని అయ్యేవాడిని. ఆ నాలుగు నెలల మౌనం మీద నాకున్న కోపం ఇప్పుడు చాలావరకు తగ్గింది.

ఇప్పుడు ప్యాచ్ ముందుగా లింక్ అసలు గమ్యాన్ని కనుక్కుని, తాత్కాలిక ఫైలును ఆ గమ్యం ఉన్న డైరెక్టరీలోనే తయారుచేసి, పాత అనుమతులను దానికి ఇచ్చి, ఆపైన రీనేమ్ చేస్తుంది. 18 వరుసలు 41 అయ్యాయి. డెవలపర్ సూచన మేరకు రాసే పనిని ఒక ఉమ్మడి ఫంక్షన్‌గా మార్చడం మొదటి కమిట్, సెట్టింగులు, జాబితా రెండూ దాన్ని వాడుకోవడం రెండో కమిట్. నిన్న రెండూ ప్రధాన శాఖలో చేరాయి. తర్వాతి విడుదల ఎప్పుడో ఇంకా ప్రకటించలేదు. ఈలోగా డెబియన్‌కు, మా డిస్ట్రిబ్యూషన్‌కు ఎలా తెలియజేయాలి?

జవాబు: ప్యాకేజీ_కాపరి

చాలా సంతోషం. ఇప్పుడు డెబియన్ బగ్ ట్రాకర్‌లో రిపోర్ట్‌బగ్ అనే సాధనం ద్వారా ఒక నివేదిక పంపండి. అందులో అప్‌స్ట్రీమ్ బగ్ చిరునామా, రెండు కమిట్‌ల గుర్తులు, మీ టీఎంపీఎఫ్‌ఎస్ స్క్రిప్టు ఉండాలి. ప్యాచ్, ఫిక్స్‌డ్-అప్‌స్ట్రీమ్ అనే ట్యాగులు పెట్టండి. కమిట్‌లను డెబియన్‌లో ఉన్న వెర్షన్‌కు సరిపోయేలా మలచి, అక్కడ బిల్డ్ చేసి పరీక్షించాకే జతచేయండి. ప్యాచ్ శీర్షికలో ఆరిజిన్ దగ్గర బ్యాక్‌పోర్ట్ (పాత వెర్షన్‌కు మలచినది) అని రాసి కమిట్ చిరునామా ఇవ్వండి. మార్పేమీ లేకుండా అప్లై అయితే అప్‌స్ట్రీమ్ అని రాయాలి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, కోడ్‌ను అప్‌స్ట్రీమ్‌తో పోల్చి చూసేవారికి ఎక్కడ తేడా వెతకాలో అదే చెబుతుంది.

మీ డిస్ట్రిబ్యూషన్‌లోని పాత నివేదికను వదిలేయకండి. పాత ప్యాచ్‌ను వాడవద్దని, దానిలో సింబాలిక్ లింక్ సమస్య ఉందని స్పష్టంగా రాసి, డెబియన్ నివేదిక సంఖ్యను అక్కడ ఇవ్వండి. ఆ పాత ఫైలు అక్కడే ఉంటే రేపు ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే దాన్ని తీసుకునే ప్రమాదం ఉంది. డెబియన్‌లో చేరితే వారికి అది మామూలు దిగుమతితోనే వచ్చేస్తుంది.

మీ సొంత ప్యాకేజీని గిట్‌లో పెట్టుకుంటే జీబీపీ-పీక్యూ అనే సాధనం వాడండి. అది ప్యాచ్‌లను కమిట్‌లుగా మారుస్తుంది. వాటిని కొత్త విడుదల మీద రీబేస్ చేసినప్పుడు (మళ్లీ పేర్చినప్పుడు) అప్‌స్ట్రీమ్‌లో అచ్చంగా అలాగే చేరిన కమిట్‌లు వాటంతటవే రాలిపోతాయి. మలచిన ప్యాచ్ అయితే ఘర్షణ చూపవచ్చు, అప్పుడు పాత ముక్కను వదిలి అప్‌స్ట్రీమ్ కోడ్‌ను ఉంచండి. సిరీస్ ఫైలులో ఆ వరుస లేదని చూసుకుని, మీ స్క్రిప్టును ఇంకొక్కసారి నడిపి, ఛేంజ్‌లాగ్‌లో ప్యాచ్ తొలగించినట్లు, ఏ వెర్షన్‌లో అప్‌స్ట్రీమ్‌కు చేరిందో రాయండి.